అమ్మ ఉప్పునీళ్ళ బక్కెట్టు

మా ఇంట్లో కొత్త బట్ట ఏదొచ్చినా ముందు ఒంటి మీదికి ఎక్కదు, బక్కెట్టులోకి దిగుతుంది. పసుపు బొట్టు పెట్టి కట్టుకోవడం అందరిళ్ళలోనూ ఉన్నదే. మా ఇంట్లో ఆ పసుపు బొట్టు కూడా బక్కెట్టు అయ్యాకే. అమ్మ మిన్నీ బే గట్టు దిగి సముద్రపు నీళ్ళు తోడుకొస్తుంది. చొక్కానో కుర్తీనో అందులో ముంచి, పక్కనే ఒక తెల్ల గుడ్డ ముక్క వేసి, వాకిట్లో ఎండన పెడుతుంది. సాయంత్రం తీసి చూస్తుంది. తెల్లగుడ్డకి రంగంటిందా, ఇంక ఆ బట్ట బతుకు పొయ్యి దగ్గర మసిగుడ్డగానే.

నా మొదటి జీతంతో కొనుక్కున్న మెరూన్ చుడీదార్ అలాగే పోయింది. నేను కాళ్ళు నేలకేసి కొట్టుకుని ఏడిస్తే, "ఏడవకే గుంటా, ఆ రంగు ఇక్కడే పోనీ, ఇప్పుడే పోనీ" అంది. ఇంకెక్కడ పోతుందని ఆవిడ భయమో నాకు తెలుసు కాబట్టి నోరు మూసుకున్నాను. మా వీధిలో వాళ్ళకి తెలీదు. వాళ్ళు నవ్వేవారు. నవ్వుకోండి బాబూ, మీరెవరూ మా మావ చొక్కా చూడలేదు.

మావంటే అమ్మకి తమ్ముడు. శ్రీకాకుళం వైపు నుంచి అమ్మా నాన్నలతో పాటే ఓడెక్కి ఈ దీవికి వచ్చాడు. నాన్న నా చిన్నప్పుడే జ్వరమొచ్చి పోతే నన్నూ తమ్ముణ్ణీ సాకింది మావే. జంగ్లీఘాట్ నుంచి డింగీ అనే చిన్న ఇంజను పడవలో చేపల వేటకెళ్ళేవాడు. జోడీ రాంచీ వైపు నుంచి వచ్చిన ఒక భయ్యా. ఇద్దరికీ ఎంత దోస్తీ అంటే, ఆ డిసెంబరులో అబర్డీన్ బజారులో ఒకే కొట్లో ఒకే చొక్కా చెరొకటి కొనుక్కున్నారు. ముదురు నీలం. అమ్మ ఇద్దర్నీ కవలపిల్లలా అని ఆట పట్టించింది. అవే వేసుకుని ఆదివారం తెల్లారకుండా ఇద్దరూ వేటకి పోయారు. పొద్దున్నే భూమి ఊగింది. తరవాత నీళ్ళొచ్చాయి.

ఆ నీళ్ళ సంగతి నేను చెప్పను. చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు గుర్తున్నది తరవాతి రోజులు. భూమి ఇంకా ఊగుతూనే ఉండేది, మేం రోడ్డు మీదే పడుకునేవాళ్ళం, అమ్మ పొద్దున్న లేస్తే జెట్టీకి పోయి అక్కడే కూచునేది. అలా కొన్ని రోజులు పోయాక కబురొచ్చింది. అవతల మడచెట్ల వేళ్ళలో ఎవరో చిక్కుకుని దొరికారు, మీవాళ్ళేమో వచ్చి చూసుకోండని. తమ్ముణ్ణి పక్కింట్లో వదిలి అమ్మ నన్ను వెంటేసుకుని పోయింది. ఒంటరిగా వెళ్ళే ధైర్యం లేక నన్ను తీసుకెళ్ళింది, అక్కడికి పోయాక మళ్ళీ నన్ను అవతలికి తిరిగి నిలబడమంది.

నేను తిరిగి నిలబడ్డాను. వినపడిందే చెప్తున్నాను. "ఏం చొక్కా?" అని హిందీలో అడిగారు. "నీలం, ముదురు నీలం" అంది అమ్మ. టార్పాలిన్ లేపిన చప్పుడు. ఉండబట్టలేక నేను ఓరగా చూశాను. నాకు కనపడింది ఒక చెయ్యి పక్కన చొక్కా అంచు మాత్రమే. మురికి తెలుపు. అమ్మ ముక్కు మీద కొంగు నొక్కి పెట్టుకుని, "మనోడు కాదు. మనోడు కాదు బాబూ" అంది. ఆ మాట అంటుంటే అమ్మ గొంతులో ఉన్న సంతోషం నాకిప్పటికీ వినపడుతుంది. ఆ రోజు ఇంట్లో అన్నం వండింది, నాకూ తమ్ముడికీ కలిపి పెట్టింది. మా వాడు ఎక్కడో దీవిలో చెట్టెక్కి కూచుని ఉంటాడే అంది.

రాంచీ భయ్యా బతికాడు. ఎక్కడికో కొట్టుకుపోయి, ఎవరో తీసి ఆస్పత్రిలో పడేస్తే, కాస్త తేరుకున్నాక చేతికి కట్టుతో మా ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. అమ్మ మాత్రం ఏడవకుండా ఒక్కటే అడిగింది, ఆ రోజు మావ ఒంటి మీద ఏం చొక్కా ఉందని. "వహీ దీదీ, నయా వాలా. అదే, కొత్తది. నాదీ ఆడిదీ ఒకటే కదా" అని సంచిలోంచి తన చొక్కా తీసి చూపించాడు.

అది నీలం కాదు. మురికి తెలుపు. ఉప్పునీళ్ళల్లో నాని నాని రంగంతా దిగిపోయింది. అమ్మ దాన్ని లాక్కుని కాలరు విప్పి చూసింది. లోపల కుట్టు మడతలో మాత్రం కాస్త నీలం మిగిలి ఉంది. అమ్మ ఆ చొక్కా అలాగే పట్టుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తింది. వెనకాల నేను. పోయేసరికి ఎవరూ తమవాళ్ళని చెప్పనివాళ్ళందరినీ కలిపి దహనం చేసేశారు. ఓలమ్మో, నా తమ్ముణ్ణి నేనే కాదన్నానే అని అమ్మ అక్కడ నేల మీద దొర్లింది. ఆ ఏడుపు విన్నప్పట్నుంచి నాకు ఒక భయం పట్టుకుంది. చావంటే కాదు. చచ్చాక మనవాళ్ళే మనల్ని చూసి కాదనేస్తారేమో అని.

ఇంతకీ బక్కెట్టు అక్కడ మొదలైంది. ఆ తరవాత మెయిన్‌ల్యాండ్ నుంచి మూటలు మూటలుగా పాత బట్టలొచ్చాయి సాయానికి. చలి దేశపు స్వెట్టర్లు కూడా వచ్చాయి, ఈ ఉక్కలో ఎవరికో! అందరూ సైజు చూసుకుని ఏరుకుంటుంటే అమ్మ ఒక్కొక్కటీ తెచ్చి ఉప్పునీళ్ళల్లో ముంచేది. నిలిచినవి మాకు వేసేది. నిలవనివి, ఎంత బాగున్నా సరే, మాకు వేసేది కాదు.

ఏళ్ళు గడిచాయి. నేను చదువుకుని హాడోలో ఒక ఆఫీసులో చేరాను. తమ్ముడికి చదువు అబ్బలేదు, సముద్రం అబ్బింది. మొదటిసారి వేటకి పోతానన్నప్పుడు అమ్మ గుమ్మానికి అడ్డంగా పడుకుంది. వాడు దాటుకుని వెళ్ళలేక అక్కడే కూచున్నాడు. సాయంత్రానికి ఒక ఒప్పందం కుదిరింది. వేటకి పోవచ్చు, కానీ ఆరెంజి చొక్కా వేసుకునే పోవాలి, ఆ చొక్కా బక్కెట్టులో నెగ్గి ఉండాలి. లైఫ్ జాకెట్టు లేదా అంటారేమో. ఉంది. దాన్ని మావాళ్ళు డింగీలో తల కింద దిండుగా వాడతారు.

ఆరెంజి చొక్కా దొరకడం అంత కష్టమని నాకప్పటిదాకా తెలీదు. బజారంతా తిరిగి తెచ్చినవన్నీ ఒకటి తరవాత ఒకటి బక్కెట్టులో ఓడిపోయాయి. ఒక్కటే నిలిచింది. దాన్నే తమ్ముడు ఏళ్ళ తరబడి వేసుకున్నాడు. భుజాల దగ్గర చిల్లులు పడితే అమ్మ అతుకులేసింది, అతుకుల మీద మళ్ళీ అతుకులు. చివరికి అది వల కంటే పల్చనైంది.

అప్పటికి ఆన్‌లైన్ సంబరం మా ద్వీపానికీ వచ్చింది. సగం వస్తువులకి మీ పిన్‌కోడ్‌కి పంపం పొమ్మనేవారు. పంపుతామన్నవి ఓడలో ఎప్పుడొస్తాయో సముద్రుడికే ఎరుక. వచ్చాక ఇంకో వేడుక. ఫోనులో ఆ పిల్ల వేసుకుంటే నేల తాకిన కుర్తీ నాకొచ్చేసరికి దిండు గలీబంత ఉంది. పట్టులా మెరిసిన చీర విప్పితే దోమతెర. వెనక్కి పంపుదామంటే ట్యాగు తియ్యకూడదు, తడపకూడదు, ఉతక్కూడదు. తడపకుండా మా ఇంట్లో ఏ బట్టా నిలబడదు మరి! అందుకని నేను పేరున్న బ్రాండులే చూసేదాన్ని. డబ్బా పేరున్నదైతే సరుకూ సరిగ్గానే ఉంటుందని నా నమ్మకం. చదువుకున్నదాన్ని కదా.

ఒకరోజు టీవీలో ప్రకటన వచ్చింది. బ్రాండు పేరు చెప్పను, అదేమన్నా నా మేనత్తా? ఒక పిల్లాడు ఆరెంజి చొక్కాతోనే సముద్రంలోకి దూకి, ములిగి, తేలి, ఒడ్డుకొచ్చి జుట్టు విదిలిస్తాడు. చొక్కా ధగధగలాడుతూ ఉంటుంది. ఏళ్ళు గడిచినా రంగు చెదరదు, మాది పూచీ అంటాడు. వంకాయ కోస్తున్న అమ్మ కత్తిపీట వదిలేసి టీవీ ముందుకొచ్చి నిలబడింది. ప్రకటన మళ్ళీ వచ్చేదాకా అలాగే నిలబడింది. "ఒలే, అది తెప్పించు" అంది.

ఖరీదైనదే. అయినా రెండు తెప్పించాను. ఒకటి ఒంటి మీద, ఒకటి పెట్టెలో. ఓడ వాతావరణం బాగోక ఆలస్యమైంది, అమ్మ రోజూ నేను ఆఫీసు నుంచి రాగానే నా చేతులకేసి చూసేది. వచ్చిన రోజు డబ్బా విప్పడం కూడా తనే విప్పింది. దళసరి అట్ట, లోపల సన్నకాయితం, కాలరు కింద కుట్టిన పట్టీ, తాడుతో వేలాడే ముద్దొచ్చే ట్యాగు. అమ్మకి చదువు రాదు. ఆ పట్టీ మీద అక్షరాలని వేలితో తడిమింది. నేను అలవాటుగా బక్కెట్టు అందుకోబోయాను.

"అక్కర్లేదే" అంది.

నాకు చెవులు పనిచేస్తున్నాయా అనిపించింది. "అదేంటమ్మా?"

"ఇంత పేరున్నోళ్ళు అబద్దమాడతారేటే? ఆ పిల్లడు సముద్రంలోనే ములిగి తేలినాడు కదా, రంగు సెక్కు సెదరనేదు. ఇంకేటి పరీచ్చ?"

తమ్ముడు నాకేసి చూసి కన్ను కొట్టాడు. హమ్మయ్య, అమ్మకి నయమైపోయిందని ఇద్దరం అనుకున్నాం. అమ్మ ఆ బక్కెట్టుని మొదటిసారి బోర్లించి పెట్టింది. వాడు వేటకి పోయిన మొదటి రోజే అమ్మ మధ్యాహ్నం కాసేపు కునుకు తీసిందని పక్కింటావిడ నాతో చెప్పింది. తమ్ముడు నీళ్ళ మీద ఉండగా అమ్మ కళ్ళు మూయడం అదే మొదలు. ఆ బ్రాండు వాళ్ళకి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది నాకు.

అవి రెండు రోజుల వేటలు. వాడు వెళ్ళిన మర్నాడు నేను ఆఫీసులో ఉండగా అమ్మ ఫోను చేసింది. "నువ్వు రా" అంది, పెట్టేసింది. మా అమ్మ ఫోనులో ఎప్పుడూ ఊరంతా వినేలా మాట్లాడుతుంది. ఆ రెండు ముక్కలు అంత మెల్లగా అనేసరికి పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చాను.

వాకిట్లో బక్కెట్టు. అందులో పెట్టెలో దాచిన రెండో చొక్కా. నీళ్ళు ఆరెంజి షర్బత్తులా ఉన్నాయి. తెల్లగుడ్డ ఆరెంజి. అమ్మ చేతులు మోచేతుల దాకా ఆరెంజి. ఏం పనీ లేక చెయ్యి ఊరుకోక ముంచిందట. నా నోట్లోంచి ముందొచ్చిన మాట, "ట్యాగు తీసేశావా? ఇంక వెనక్కి తీసుకోరు!" అని.

అమ్మ నన్ను చూసింది. "ఇంకోటి ఆడి ఒంటి మీదుందే" అంది.

అప్పుడు అర్థమైంది నాకు. చొక్కా రంగు పోతే మనిషి పోతాడా ఏంటమ్మా, వాడు సాయంత్రానికి వచ్చేస్తాడు, వచ్చాక నువ్వే తిట్టుకుందువుగాని, అని గబగబా మాట్లాడాను. మాట్లాడుతూనే ఆకాశం చూశాను. పొద్దున్నుంచీ నల్లగా ఉంది. బంగాళాఖాతంలో వాయుగుండం, వేటకి పోయినవాళ్ళు తిరిగి రావాలని ఆఫీసులో చెప్పుకుంటూనే ఉన్నారు. మధ్యాహ్నానికి రావాల్సిన డింగీ రాలేదు. అమ్మ ఆ ఆరెంజి చేతులు కడుక్కోలేదు. అలాగే జెట్టీకి బయల్దేరింది.

జంగ్లీఘాట్‌లో వాన మొదలైంది. పడవలు ఒకటొకటిగా వస్తున్నాయి. మా లాగే ఎదురుచూసేవాళ్ళు, అరుపులు, హిందీ, బెంగాలీ, తమిళం, మన భాష, అన్నీ కలిసిపోయి. నేను గొడుగు పడుతున్నాను, అమ్మ గొడుగు కింద నిలబడట్లేదు. పడవకి తాడు కట్టేలోపే ముందుకెళ్ళి అడుగుతోంది, ఆరెంజి చొక్కా వాణ్ణి చూశారా, ఆరెంజి చొక్కా. ఎవరో తెలీదన్నారు. ఎవరో వెనకొస్తున్నారన్నారు. ఒక పెద్దాయన, మన వైపు మనిషే, పాపం ఆలోచించి మరీ చెప్పాడు. "లేడమ్మా. వెనకాల ఉన్న పడవలన్నీ చూసుకుంటూనే వచ్చినాం. ఆరెంజి చొక్కా ఆడెవడూ లేడు."

అమ్మ తడి సిమెంటు మీద కూచుండిపోయింది. లేవమన్నా లేవదు. నా కళ్ళ ముందు ఆ టార్పాలిన్ అంచే. ఇప్పుడు లేపేది నేనే, చెప్పాల్సింది నేనే అని మనసు ఒకటే గోల. దేవుడా, నాకు చూపించొద్దు, నన్ను అడగొద్దు అని వెయ్యి మొక్కులు మొక్కాను.

ఇంకో డింగీ వచ్చి ఆగింది. అందులోంచి దిగినవాళ్ళు తలలకి తువ్వాళ్ళు చుట్టుకుని, ప్లాస్టిక్ పట్టాలు కప్పుకుని ఉన్నారు. చీకటి పడబోతోంది, వానలో మనిషికీ మనిషికీ తేడా తెలియట్లేదు. నేను వెతికాను, ఒట్టు, బాగా వెతికాను. ఆరెంజి లేదు. అమ్మ లేచి, దిగుతున్నవాళ్ళలో ఒకతని చెయ్యి పట్టుకుంది. అతని చొక్కా పాలిపోయి ఏ రంగో చెప్పలేనట్టుంది.

"భయ్యా, ఆరెంజ్ షర్ట్ వాలా లడకా దేఖా క్యా? మేరా బేటా హై" అని కొడుకు సంగతి అడిగింది.

అతను నవ్వాడు. "ఏటమ్మా, నాతో హిందీ మాట్లాడతావేటి?"

అమ్మ చెయ్యి వదల్లేదు. మాట అర్థం కానట్టు అలాగే నిలబడింది. అతను తువ్వాలు విప్పాడు. నా తమ్ముడు. నేనూ గుర్తుపట్టలేదు. పక్క నుంచే పోయాడు, నేను వాడి భుజం మీదుగా వెనక పడవల్లో వాడి కోసం చూస్తున్నాను.

దారిలో ఇంజను ఆగిపోయిందట, రాత్రంతా అలలకి తడిసి ముద్దయ్యారట. వాడు చెప్పుకుపోతున్నాడు. అమ్మ వినట్లేదు. వాడి చొక్కా కాలరు పట్టుకుని వంచి, లోపల కుట్టు మడతలో చూసింది. అక్కడ కాస్త ఆరెంజి ఉంది. అప్పుడు వాణ్ణి చెంప మీద ఒకటి కొట్టి, ఆ చెంపే పట్టుకుని ఏడుపు మొదలెట్టింది.

"నేనే కదే! చొక్కా ఎందుకు సూస్తావు, మొకం సూడొచ్చు కదమ్మా" అన్నాడు వాడు.

"మొకం నిలవదురా నాయినా నీళ్ళల్లో" అంది అమ్మ. "నాను సూసినాను కదా."

ఇన్నేళ్ళలో ఆ టార్పాలిన్ కింద ఏం చూసిందో అమ్మ చెప్పలేదు. నేను అడగలేదు. అది ఒక్కమాటలో చెప్పేసి, చీర చెంగుతో వాడి తల తుడవడం మొదలెట్టింది.

మర్నాడు కంపెనీ నుంచి నా ఫోనుకి సందేశం వచ్చింది, కొన్న చొక్కా నచ్చిందా, నక్షత్రాలివ్వండని. నేను ఒక నక్షత్రమిచ్చి, రంగు దిగుతోంది అని రాశాను. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం అన్నారు. పోనీలెండి, ఎవరో ఒకరు చింతించారు.

వాయుగుండం దాటాక తమ్ముడు మళ్ళీ వేటకి సిద్ధమయ్యాడు. ఏ చొక్కా వేసుకోనమ్మా అని అడిగాడు, భయంభయంగా. ఏదో ఒకటి వేసుకో అంది అమ్మ. గుమ్మం మీద కూచోబెట్టింది. వాడి కాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఇంజను పడి వంకరపోయిన చిటికెన వేలు ఉంది వాడికి. దాన్ని కళ్ళు మూసుకుని తడిమింది, మడమ తడిమింది, మళ్ళీ ఆ వేలి దగ్గరికి వచ్చింది. చక్కిలిగిలి పెడుతున్నావే అని వాడు కాలు లాక్కోబోతే వదల్లేదు.

"మీ మావకి మడమ మీద గేలం దిగిన మచ్చ ఉండేది" అంది నాతో. "ఇంత లోతు. ఆ పూట కాళ్ళ మీద గుడ్డ కప్పి ఉంది. తియ్యమని నానడగనేదు."